అరువది నుండి డెబ్బది దాక: పడమటి చిత్తూరు సీమలో వృద్ధుల ఆరోగ్య బీమా

ఉద్యోగ విరమణానంతరము మదనపల్లెలో ఇల్లు కట్టుకొని శేషజీవితము గడపవలెననెడి కోరిక రాయలసీమలోని గుమాస్తాలకును, ఉపాధ్యాయులకును, బ్యాంకు ఉద్యోగులకును నిన్న మొన్న పుట్టినది కాదు. సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నుండి, హార్సిలీ కొండల గాలి సోకుచు, కడప, తిరుపతి పట్టణములు ఉడికిపోవు వైశాఖ మాసమునందైనను రాత్రివేళ కంటికి నిద్ర పట్టునట్టి యూరు గనుకను, దివ్యజ్ఞాన కళాశాల వెలసిన నాటినుండి చదువరుల సాంగత్యము కొరవడని యూరు గనుకను, పింఛను పుచ్చుకొనువారు దానిని వెదకికొని వచ్చుచుండిరి. పుంగనూరు జమీందారీ నాటి పాత పట్టణము, రైలుబండి నెరుగదు, స్వగ్రామమునకు దూరము కాక, పొలమును కనిపెట్టుకొని యుండగోరువారు అక్కడ నిలిచిరి. కుప్పము మూడు రాష్ట్రములు కలిసెడి కూడలి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయమును, అటుపిమ్మట పీఈఎస్ వైద్య కళాశాలయు నెలకొన్న తరువాత అక్కడను విశ్రాంతోద్యోగుల వీథులు పెరిగినవి. ఈ మూడు పట్టణములలో అరువదేండ్లు దాటినవారు సాయంకాలమున నలుగురు కూడినచోట వానలు, టమాటా ధరలు, మనుమల చదువులు ముగిసిన పిమ్మట తప్పక వచ్చెడి ప్రసంగ మొకటి కలదు: ఆసుపత్రి పాలైనచో ఏ కార్డు పనిచేయును? ఏ పాలసీ తీసికొనవలయును? ప్రభుత్వము వహించు ధనమెంత, మనము పెట్టుకొనవలసిన ధనమెంత? ఈ ప్రశ్నను ఆమూలాగ్రముగా పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

వ్యాధిభారమును పలువురు కలసి మోయుట ఈ సీమకు క్రొత్త కాదు. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయము 1910ల దశకమున వెలసినప్పుడు, ఏ యొక్క క్రైస్తవ మిషనుకును ఒంటిగా భరింపరాని వ్యయము గనుక, అనేక మిషనులు ఏకమై తలా కొంత ధనమిచ్చి దానిని నిలిపినవి. డెన్మార్కు దేశీయుడైన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమొట్ మొల్లర్ దాని ప్రథమాధికారిగా నుండి దశాబ్దములు సేవ చేసెను. 1948లో భారతదేశమున బీసీజీ టీకా కార్యక్రమమునకు తొలి ప్రయోగభూములలో మదనపల్లె యొకటి యగుటకు ఆ చికిత్సాలయ ప్రతిష్ఠయే కారణము. దక్షిణదేశపు నలుమూలల నుండి రోగులు గాలి మార్పుకై, మందుకై అచ్చటికి వచ్చిరి. అట్టి యూరివారు నేడు గుండెకైన, మూత్రపిండమునకైన, మోకాలికైన ఊరు విడిచి బెంగుళూరికో, తిరుపతికో, వేలూరికో పోవలసి వచ్చుచున్నది. ఏ దిక్కునకు పోవలయుననుటయే బీమా నిర్ణయమునకు మూలమని నా యభిప్రాయము. దానిని తరువాత వివరింతును. అంతకుముందు ఉన్న పథకములేవో చూడవలయును.

మొదటిది రాష్ట్ర ప్రభుత్వ పథకము. 2007 ఏప్రిలు 1న మహబూబునగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరోగ్యశ్రీ అను పేర ఆరంభమై, ఆ వత్సరాంతమునకే చిత్తూరు జిల్లాకు వ్యాపించినది. తొలుత ఒక ప్రైవేటు బీమా సంస్థకు ప్రభుత్వము ప్రీమియము కట్టెడిది; 2008 నుండి ట్రస్టు ద్వారా ఆసుపత్రులకు నేరుగా చెల్లించు పద్ధతి బలపడినది. నాడు కుటుంబమునకు లక్షన్నర రూపాయలును, అదనముగా 50 వేలును పరిమితి. ప్రభుత్వములు మారినవి, పేరు ఎన్‌టీఆర్ వైద్యసేవ యైనది, మరల ఆరోగ్యశ్రీ యైనది, 2024లో తిరిగి డాక్టర్ ఎన్‌టీఆర్ వైద్యసేవ యైనది. పేర్ల మార్పుతో రోగికి పనిలేదు. పరిమితి మారుటతో పనికలదు. 2023 డిసెంబరులో అది 25 లక్షలకు పెరిగినది. చికిత్సల సంఖ్య 3,257. 2019 నవంబరు నుండి బెంగుళూరు, చెన్నై, హైదరాబాదు నగరములలోని కొన్ని ఆసుపత్రులకును, కొన్ని పెద్ద చికిత్సల మేరకు, దానిని విస్తరింపజేసిరి. పడమటి మండలములవారికి ఈ కడపటి నిర్ణయము మిక్కిలి విలువైనది. ఏలయన బెంగుళూరు వీరికి పరాయి రాష్ట్రమున నున్నను, విజయవాడ కంటె ఎంతయో చేరువ.

అర్హత విషయమై జనులలో గల అపోహ పెద్దది. ఈ పథకము కటిక పేదలకు మాత్రమేయని తలచి, చిన్న దుకాణము నడిపి విరమించినవారు, సహకార సంఘములలో పనిచేసి పింఛను లేక దిగినవారు, అడుగనే అడుగక మిన్నకుందురు. 2019లో సడలించిన నిబంధనల ప్రకారము వార్షికాదాయము 5 లక్షల లోపున్న కుటుంబములు అర్హములు; మాగాణియైనచో 12 ఎకరముల లోపు, మెట్టయైనచో 35 ఎకరముల లోపు ఉన్నవారికిని అడ్డులేదు. పుంగనూరు, పలమనేరు ప్రాంతములలో 35 ఎకరముల మెట్ట గలవాడు ఊరిలో పెద్ద రైతు. అట్టివాని తల్లియు ఈ పథకమునకు దగునన్నమాట. ఐనను ఒక చిక్కు కలదు. వృద్ధ దంపతుల పేర్లు కుమారుని బియ్యపు కార్డులో నుండుటయు, కుమారుడు ఆదాయపు పన్ను కట్టువాడగుటయు సంభవించినప్పుడు, తలిదండ్రుల చేత చిల్లిగవ్వ ఆదాయము లేకున్నను కుటుంబమంతయు ఒక్క లెక్కలోనే కొట్టుకొనిపోవును. వేరు కాపురమున్న తలిదండ్రులు తమ కార్డును సకాలమున వేరుచేయించుకొనుట ఎంత ముఖ్యమో గ్రామ, వార్డు సచివాలయమున అడిగినచో తెలియును. ఆసుపత్రి బల్లపై పడుకొనిన పిమ్మట తెలిసి ప్రయోజనము లేదు.

2025 సెప్టెంబరు 4న రాష్ట్ర మంత్రివర్గము ఈ నిర్మాణమును మరల మార్చుటకు సమ్మతించినది. రాష్ట్రమునందలి 1.63 కోట్ల కుటుంబములకు, ఆదాయ భేదము పాటింపక, 2.5 లక్షల వరకు బీమా సంస్థల ద్వారాను, ఆపైన 25 లక్షల వరకు పేద కుటుంబములకు ట్రస్టు ద్వారాను వైద్యవ్యయము భరించునట్టి మిశ్రమ విధానమది. 2007లో బీమా సంస్థతో మొదలై, ట్రస్టుకు మారి, పదునెనిమిదేండ్లకు మరల బీమా సంస్థను పిలుచుట చూచిన, ప్రభుత్వమునకు ఈ రెండింటిలో నేది మేలో తేలలేదనుకొనవలసి యున్నది. మధ్యతరగతి వృద్ధునికి మాత్రము ఇందు మేలుకలదు. రెండున్నర లక్షలు కొద్దియే యైనను, అంతవరకు రాష్ట్రము నుండి అతనికి సున్న.

ఉద్యోగులుగా నుండి పింఛను పొందుచున్నవారి దారి వేరు. రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదారులకు 2013లో వచ్చిన ఉద్యోగుల ఆరోగ్య పథకము కలదు. ఆరంభమున నెలకు 90, 120 రూపాయల చందాతో నడచినది, తరువాత చందా పెరిగినది. సైన్యమున పనిచేసి వచ్చినవారికి 2003 నుండి ఈసీహెచ్ఎస్ కలదు. చిత్తూరు జిల్లాలో అట్టివారు తక్కువ కాదు. బ్యాంకు విశ్రాంతోద్యోగులకు బృంద బీమా కలదు గాని, దాని ప్రీమియము వత్సరవత్సరమును ఎగబ్రాకుచుండుట వారి నిరంతర విలాపము. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 18 శాతము జీఎస్టీ ఎత్తివేసినప్పుడును బృంద పాలసీలకు ఆ మినహాయింపు రాలేదు. ఇక కార్మిక బీమాలో నుండి విరమించినవారికి ఒక సదుపాయము కలదని చాలమంది ఎరుగరు: అయిదేండ్లు తక్కువగాక చందాదారుగా నుండి వయోధర్మముచే విరమించినవాడు, ఏడాదికి 120 రూపాయలు కట్టి, తానును భార్యయు ఈఎస్ఐ వైద్యము పొందవచ్చును. బెంగుళూరు పరిసరములలోని ఫ్యాక్టరీలలో జీవితము గడపి కుప్పము చేరినవారు దీనిని విచారింపవలయును.

డెబ్బదేండ్లు నిండినవారి స్థితి 2024తో మారినది. 2018 సెప్టెంబరు 23న ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ పథకమును కేంద్ర ప్రభుత్వము 2024 అక్టోబరు 29న డెబ్బదేండ్లు దాటిన వారందరికిని, ఆదాయముతో నిమిత్తము లేకుండ, వర్తింపజేసినది. ఏటా 5 లక్షల రూపాయలు; కుటుంబమున అట్టివారిద్దరున్నచో ఇద్దరికిని కలిపి; ఇదివరకే పథకములో నున్న కుటుంబపు వృద్ధులకైనచో, తక్కినవారితో పంచుకొన నక్కరలేని వేరు 5 లక్షలు. పాతరోగములకు నిరీక్షణ కాలము లేదు. వయస్సునకు ఆధార్ కార్డే ప్రమాణము. ప్రైవేటు పాలసీ యున్నవారును, ఈఎస్ఐలో నున్నవారును దీనిని పొందవచ్చును. కేంద్రోద్యోగుల సీజీహెచ్ఎస్, ఈసీహెచ్ఎస్ వంటివి కలవారు మాత్రము రెండింటిలో నొకటి ఎన్నుకొనవలయును. ఒకప్పుడు పుట్టిన తేదీ తెలియక ఉపాధ్యాయుడు జూలై ఒకటియని వ్రాసిన తరమువారు వీరు. ఆధారులోని వయస్సు నిజమైన వయస్సు కంటె తక్కువగా పడినవారికి, పథకము చేయునంత మేలు ఆ యొక్క అంకె చెరచుచున్నది.

ఇక మిగిలినది అరువది నుండి డెబ్బది దాకగల దశకము. ఉద్యోగము నాటి బీమా ముగిసిన, కేంద్ర కార్డునకు వయస్సు చాలని, రాష్ట్ర కార్డునకు ఆదాయము మించిన మధ్యతరగతివాడు, పైని రెండున్నర లక్షలు దక్కినను, ఈ కంతలో పడుచున్నాడు. ఇది మన దేశమునకే పరిమితమైన వైచిత్ర్యము కాదు. అమెరికాలో 65 ఏండ్లు నిండినవారిని మెడికేర్ ఆదుకొనును. అంతకుముందే కొలువు విడిచి ఫ్లోరిడా వంటి సముద్రతీర ప్రదేశములలో స్థిరపడినవారు 2010 నాటి చట్టము క్రింద 2014 నుండి నడచుచున్న బీమా విపణిలో, ఆదాయమును బట్టి ప్రభుత్వ సహాయము పొందుచు, కంచు, వెండి, బంగారము అను తరగతుల పాలసీలలో నొకటి ఎన్నుకొనుచున్నారు. అక్కడ పాతరోగమున్నదని బీమా నిరాకరింపరాదు, నిరీక్షింపజేయరాదు. ముసలివాని ప్రీమియము యువకుని ప్రీమియమునకు మూడింతలు మించరాదు. ఐనను 2021లో పెంచిన అదనపు సహాయము 2025తో ముగియగా ఎందరికో ప్రీమియములు భారమైనవి. మదనపల్లె నుండి పిల్లలతో అక్కడికేగి గ్రీన్ కార్డు పొందిన తలిదండ్రులు, అయిదేండ్ల నివాసము పూర్తియగు వరకు మెడికేరులో చేరజాలక, ఈ విపణినే ఆశ్రయింపవలసి వచ్చుచున్నది. అక్కడ 65కు ముందు, ఇక్కడ 70కి ముందు: కంత యొకటే. భేదమేమనగా అక్కడ ఆ కంత నడుమ సహాయముతో కూడిన బజారున్నది. ఇక్కడ ఉన్నది సహాయము లేని బజారు.

ఆ బజారును గూర్చి కొంత తీరికగా చెప్పవలయును, ఏలయన మన వృద్ధులు మోసపోవునది అచ్చటనే. బీమా నియంత్రణ సంస్థ 2024 ఏప్రిలు నుండి కొన్ని మంచి మార్పులు చేసినది. 65 ఏండ్లు దాటినవారికి క్రొత్త పాలసీ ఇయ్యమనుటకు వీలులేకుండ, అన్ని వయస్సులవారికిని పాలసీలుంచవలసినదని విధించినది. పాతరోగముల నిరీక్షణ కాలము నాలుగేండ్ల నుండి మూడేండ్లకు తగ్గినది. అయిదేండ్లు ఎడతెగక పాలసీ నడచిన పిమ్మట, మోసము ఋజువైన సందర్భమున దప్ప, రోగము దాచితివని క్లెయిము త్రోసివేయరాదు. 2025 జనవరి నుండి వృద్ధుల ప్రీమియమును బీమా కంపెనీ తనంతట ఏడాదికి 10 శాతము మించి పెంచరాదు. ఇవన్నియు మేలే. ఐనను, పాలసీ ఇయ్యవలెనని విధించినవారు ఎంతకు ఇయ్యవలెనో విధింపలేదు. చక్కెర వ్యాధియు రక్తపుపోటును గల 63 ఏండ్ల దంపతులు నేడు చేరినచో, ఆ రోగములకు సంబంధించిన చికిత్సకు 66వ ఏడు వచ్చువరకు వేచియుండవలసి రావచ్చును; కంటి శుక్లము, మోకాలిచిప్ప మార్పిడి, హెర్నియా వంటివానికి సాధారణముగా రెండేండ్ల నిరీక్షణ. అనగా ఆ దశకములో మూడవవంతు ప్రీమియము కట్టుటతోనే గడచిపోవును. అందువలన ఉద్యోగమున నుండగనే, అయిదారేండ్ల ముందుగా, సొంత పాలసీ యొకటి చిన్నదైనను మొదలుపెట్టుట ఉచితము. కంపెనీ ఇచ్చు బృంద బీమాను నమ్మి ఊరకుండుట మన ఉద్యోగులు చేయుచున్న అతి ఖరీదైన పొరపాటు.

పాలసీ పత్రములో రెండు మాటలను వృద్ధులు భూతద్దము పెట్టి చూడవలయును. ఒకటి గది అద్దె పరిమితి. 2020 ఏప్రిలులో అన్ని సంస్థలును ఒకే విధముగా అమ్మవలెనని ప్రవేశపెట్టిన ఆరోగ్య సంజీవని పాలసీనే తీసికొందము. అందు గది అద్దె రోజునకు బీమా మొత్తములో 2 శాతము, 5,000 రూపాయలకు మించకుండ. రెండు లక్షల పాలసీ గలవానికి 4,000 మాత్రమే చెల్లును. అతడు బెంగుళూరు కార్పొరేటు ఆసుపత్రిలో రోజునకు 8,000 అద్దెగల గదిలో చేరినచో, అద్దెలో సగము పోవుటతో సరిపోదు. వైద్యుని రుసుము, శస్త్రచికిత్స గది వ్యయము మున్నగు అనుబంధ ఖర్చులును అదే పాళ్ళలో సగమునకు కోతపడును. మందులకును, శరీరమున అమర్చు పరికరములకును ఈ కోత లేదు. రెండవది సహచెల్లింపు. ఆరోగ్య సంజీవనిలో అది 5 శాతమే. కాని వృద్ధుల కొరకని ప్రత్యేకముగా అమ్మెడి పాలసీలలో 20, 30 శాతమును, ఒక్కొక్కచో అంతకు మించియు నుండుట కలదు. తక్కువ ప్రీమియమని చూపి అమ్మెడి పాలసీలో ఈ రెండింటిలో నేదో యొకటి దాగియుండకపోవుట అరుదు. పాలసీ చేతికందిన 30 రోజులలోపల నచ్చనిచో తిరిగి ఇచ్చివేయు హక్కు కలదు. ఆ నెలరోజులలో పత్రమును చదివించుకొనుడు. క్లెయిము అన్యాయముగా నిరాకరించినచో హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏ రుసుమును లేకుండ ఫిర్యాదు చేయవచ్చును.

పన్ను రాయితీని చూపి అమ్మువారును కలరు. వృద్ధుల ప్రీమియముపై ఆదాయపు పన్ను లెక్కలో 50,000 వరకు మినహాయింపు పాత పన్ను విధానమున మాత్రమే. క్రొత్త విధానమున లేదు.

ఇక దారుల సంగతి. మదనపల్లె వృద్ధునికి గుండె నొప్పి వచ్చినచో బంధువులు బెంగుళూరు వైపు కారు త్రిప్పుదురు. పుంగనూరువాడు మదనపల్లెకో, పలమనేరు మీదుగా కోలారుకో, తిరుపతి స్విమ్స్‌కో పోవును. కుప్పమువానికి ఊరిలోనే పీఈఎస్ బోధనాసుపత్రి యుండుట భాగ్యము, ఆపైన రైలెక్కినచో ఒకవైపు బెంగుళూరు, రెండవవైపు జోలార్‌పేట దాటి వేలూరు. కర్ణాటకకు వేరు పథకము, తమిళనాడునకు వేరు పథకము. కుప్పము మండలములో తోబుట్టువులే సరిహద్దునకు ఇరువైపుల నుండి రెండు రకముల కార్డులు కలిగియుందురు, ఒకరి కార్డు మరియొకరి యూరి ఆసుపత్రిలో చెల్లకపోవచ్చును. కనుక ముందుగా నిర్ణయింపవలసినది పాలసీ కాదు, ఆసుపత్రి. నడిరాత్రి మనలను నిజముగా ఎక్కడికి తీసికొనిపోవుదురో యింటివారిని అడిగి, ఆ రెండు మూడు ఆసుపత్రులకు స్వయముగా పోయి, వైద్యసేవ కార్డు ఏయే విభాగములలో చెల్లును, డెబ్బదేండ్లవారి ఆయుష్మాన్ కార్డు చెల్లునా, ఏయే ప్రైవేటు సంస్థలకు క్యాష్‌లెస్ సదుపాయము కలదు అని అచ్చటి పథక సహాయకుడైన వైద్యమిత్రను, బీమా కౌంటరును అడిగి తెలిసికొనవలయును. గుండె విభాగమునకు చెల్లిన కార్డు ఎముకల విభాగమునకు చెల్లని ఆసుపత్రులు కలవు. బీమా సంస్థ చూపు ఆసుపత్రుల జాబితా ఎంత పొడవుగా నున్నను, తన దారిలోని రెండు ఆసుపత్రులు అందులో లేనిచో ఆ జాబితా అతనికి వృథా. ఏజెంటు నోటిమాట ఇందుకు ప్రమాణము కాదు.

ప్రభుత్వ కార్డు చేతనుండుటకును, చికిత్స అందుటకును నడుమ ఆసుపత్రికి రావలసిన బాకీ యను వస్తువొకటి కలదు. 2025 అక్టోబరులో, చెల్లింపులు వేల కోట్ల మేరకు నిలిచిపోయినవని రాష్ట్రమున నెట్‌వర్క్ ఆసుపత్రులు వైద్యసేవ క్రింద రోగులను చేర్చుకొనుట ఆపివేసినవి. అట్టి ఆపుదల అంతకుముందును జరిగినది. పాతిక లక్షల పరిమితి ప్రకటించుట సులభము. పాతికవేల బిల్లు సకాలమున చెల్లించుట కష్టము. ఈ కారణముననే, స్తోమతు కలవారు ప్రభుత్వ కార్డు ఉన్నదని చెప్పి నడుచుచున్న ప్రైవేటు పాలసీని మానివేయరాదని నేను చెప్పుదును. అట్లే, 5 లక్షలు కేంద్ర కార్డు భరించును గదా యని, ఆపై ఖర్చునకు మాత్రమే పనికివచ్చు టాపప్ పాలసీ నొక్కదానినే కొని ధీమాగా నుండుటయు క్షేమము కాదు. కార్డు చెల్లని ఆసుపత్రిలో చేరిననాడు ఆ మొదటి 5 లక్షలును చేతి నుండియే పోవును. స్తోమతు లేనివారు మాత్రము అప్పుచేసి ప్రీమియము కట్టుటకంటె, కార్డులు సరిచేయించుకొని, పెద్ద ప్రభుత్వాసుపత్రులను, స్విమ్స్ వంటి సంస్థలను నమ్ముట మేలు. నిరుపేద రోగులకు తిరుమల తిరుపతి దేవస్థానముల ప్రాణదాన ట్రస్టు సహాయమును కలదు.

వీనిలో పెక్కు భరింపని ఖర్చొకటి మిగిలినది, అదియే నెలనెల మందుల ఖర్చు. ఈఎస్ఐ, ఈసీహెచ్ఎస్ వంటివి దప్ప, పథకములలో పెక్కు ఆసుపత్రిలో చేరినవానిని చూచును; ఇంట కూర్చుండి ఇరువదేండ్లు మాత్రలు మ్రింగువానిని చూడవు. ముసలితనమున ధనము హరించునది శస్త్రచికిత్స యొక్కటియే కాదు. చక్కెరకు, పోటుకు, గుండెకు, కీళ్ళకు, కంటిచుక్కలకు నెలనెల పోవు సొమ్మును. జనౌషధి దుకాణములలో అవే మందులు చాల తక్కువ వెలకు దొరకుచున్నను, పెద్ద ఆసుపత్రి వైద్యుడు వ్రాసిన కంపెనీ పేరే కావలెనని పట్టుబట్టువారు మనలో మెండు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో చక్కెర, రక్తపుపోటు మాత్రలు ఉచితముగా నిత్తురు; మధ్యతరగతివారికి అచ్చట వరుసలో నిలుచుట నామోషీ. ఈ నామోషీకి ఏడాదికి అగు వ్యయమును లెక్కించినచో, ఒక చిన్న పాలసీ ప్రీమియమునకు సరిపోవచ్చును.

పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘము, ఆయుష్మాన్ పథకమున వృద్ధుల వయఃపరిమితిని 70 నుండి 60కి తగ్గింపవలసినదనియు, మొత్తమును 5 లక్షల నుండి 10 లక్షలకు పెంచవలసినదనియు 2025లో సిఫారసు చేసినది. మొత్తము పెంచుట ఆలస్యమైనను ఆలస్యము కానిండు. వయస్సు తగ్గించుట ఆలస్యము కారాదు. అంతవరకైన, అరువది దాటిన మధ్యతరగతివారు కొనెడి ప్రైవేటు పాలసీకి ప్రీమియములో సగము ప్రభుత్వము భరించునట్టి యేర్పాటు రాష్ట్రమునందైనను చేయవచ్చును. మదనపల్లె, పుంగనూరు, కుప్పములలోని పింఛనుదారుల సంఘములవారు ఈ రెండు కోరికలను కాగితముమీద పెట్టి, తమ శాసనసభ్యులకును, పార్లమెంటు సభ్యులకును పంపవలసినదిగా కోరుచున్నాను.